నష్టం లేని రంపం

గడ్డం ఇక్కడ ఆనించమంది.
పళ్ళ మధ్య పుడక కరిచిపట్టుకోమంది.
"ఉమ్మి కూడా మింగొద్దు మాలకొండయ్యా" అంది.
ఇరవై లెక్కపెట్టేలోపు
ఒక తెల్లటి చెయ్యి నా తల చుట్టూ తిరిగొచ్చింది,
దూరంగా ఎవరో ఇసుర్రాయి తిప్పుతున్నట్టు.

అంతే. లెమ్మంది.
కోసేశారంట నా దవడని.

చీమకుర్తిలో ఇరవై ఆరేళ్ళు
కోతమిషను దగ్గర నిలబడ్డోణ్ణి.
నీళ్ళు, ఇనప రజను, బురద,
రాత్రంతా రంపాలు ఊగితే తప్ప
నల్లదిమ్మె పలకలు కాదు.
రంపం మందమంత రాయి ప్రతి కోతకీ
బూడిద బురదై కాలవలో పోవాల్సిందే.
ఆ పోయింది ఎవరి ఖాతాలోనూ ఉండదు,
కొంత నా రొమ్ములో ఉంది.

"మీ రంపానికి నష్టం లేదామ్మా?" అన్నా.
డాక్టర్ నఫీసా నవ్వలా. ఆలోచించింది.
"ఉంది. కంటికి కనపడదు.
అందుకే అవసరమైతేనే తీస్తాం,
అవసరమైనంత మేరకే."
మా క్వారీలో ఆ మాట ఎవరూ అనగా వినలేదు నేను.

తెర మీద దొర్లించింది.
ఒకదాని వెనక ఒకటి నా ఎముక పలకలు,
గోటి మందంలో సగం కూడా లేవు.
అడ్డంగా పడుకున్న జ్ఞానదంతం
లారీ నుంచి జారిన దిమ్మెలా ఉంది.
దాని వేరు కింద సన్నటి నల్ల సొరంగం.
"ఇది నరం పోయే దారి.
మధ్యలో గోడ ఉండాలి, ఇక్కడ లేదు చూడండి.
తగిలిందంటే కింది పెదవి మొద్దుబారి
అట్లాగే ఉండిపోవచ్చు."
మామూలు ఎక్స్‌రేలో ఒకదాని మీద ఒకటి పడి
ఈ సంగతి తెలీలేదంట.

దిమ్మెని సుత్తితో తట్టి చెవి పెడితే
గట్టిరాయి గంటలా పలుకుద్ది,
లోపల పగులున్నది
ఓటికుండలా బొంగురుపోద్ది.
పైకి రెండూ ఒకటే నలుపు, అవే బంగారు నలకలు.
లోపలి మాట చెవికి తప్ప తెలీదనుకునేవాణ్ణి.
ఈ పిల్ల కంటితో వింటోంది.

అప్పుడు చూశా,
పైవరసా కిందివరసా తిప్పి చూపిస్తుంటే.
తెల్లగా.
నా పళ్ళు, తెల్లగా!

కనిగిరి పక్క బోరునీళ్ళకి మొలిచిన పళ్ళు.
బళ్ళో నా పేరు గారపళ్ళోడు.
పెళ్ళి ఫొటోలో మూతి బిగించే ఉన్నా.
అంకమ్మ నా నవ్వు మొదట విన్నది,
మూడో నెలలో, కరెంటు పోయిన రాత్రి.
చూసింది ఇంకెప్పుడో.
ఈ మిషనుకి ఎముక ఎంత గట్టిదో కావాలి,
రంగు దానికి పట్టదంట.

"ఒక ఫొటో ఇస్తారా?"
సీడీ ఇస్తామంది.
దాన్ని తిప్పే పెట్టె మా ఇంట్లో లేదు.

ఇంకో కాగితం ముందుకి జరిపింది.
తన చదువుకి ఇట్టాంటి దవడలు నూటపాతిక కావాలంట,
ఈ పక్క మనుషుల్లో నరం ఎక్కడ వంపు తిరుగుద్దో కొలవటానికి.
పేరుండదు. నంబరే, డెబ్బై మూడు.
దిమ్మెల మీద మేం ఎర్రరంగుతో రాసేదీ నంబరే;
ఓడెక్కాక ఏ దేశపు వంటింట్లో పరుచుకుందో
ఎవరూ కబురు చెప్పరు.
సంతకం పెట్టా.
"పేరొద్దులే, ఊరన్నా రాసుకోమ్మా" అన్నా.
అదీ రాయకూడదంట.
బోరునీళ్ళు ఎన్నేళ్ళు తాగావని మాత్రం అడిగి
పక్కన చిన్నగా రాసుకుంది.

లేస్తూ చెప్పా,
పగులు పక్కన దెబ్బేసేటప్పుడు మా మేస్త్రీ అనేమాట:
సుత్తిని కాదురా, తొందరని పట్టుకో.
తల ఊపింది. మంగళవారం రమ్మంది.

ఒంగోలు బస్టాండులో నిలబడి
వేలికణుపుతో దవడ మీద తట్టుకున్నా, రెండుసార్లు.
తల వంచి చెవి పెట్టబోయి,
ఎవరి దవడకి వాళ్ళు చెవి పెట్టలేరని
గుర్తొచ్చింది.
దర్శి బస్సు ఒకటే హారన్.